ఎవరి వంతు ముందు?

పెళ్ళి విందులో బంతి సాగుతున్నప్పుడు పెద్దవాళ్ళు నవ్వుతూ అనే సామెత ఒకటి ఉంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫరవాలేదని. ఆ నవ్వు వెనక ఒక చేదు నిజం ఉంది. బూరెలు అందరికీ సరిపడా ఉన్న ఇంట్లో ఈ సామెతతో పనిలేదు. గంప అడుగు కనిపించినప్పుడే వడ్డించేవాడి చూపు ఎటు తిరుగుతుందోనని అందరూ కనిపెట్టి చూస్తారు. అయినా బూరె అందనివాడికి పోయేదేమీ లేదు. ఇంటికి వెళ్ళి మజ్జిగన్నం తిని పడుకుంటాడు. వడ్డించవలసినది బూరె కాక ఊపిరే అయినప్పుడు మాత్రం ఆ సామెతకు ఎవరికీ నవ్వు రాదు.

డెన్మార్క్ దేశపు రాజధాని కోపెన్‌హాగెన్‌లో 1952వ సంవత్సరంలో అటువంటి వేళ వచ్చింది.

ఆ ఏడాది జూలై చివరి వారం నుంచి ఆ నగరాన్ని పోలియో చుట్టుముట్టింది. పోలియో అంటే ఈనాటి పిల్లలకు చుక్కల మందు తప్ప మరేమీ గుర్తుకు రాదు. భారతదేశంలో ఆ వ్యాధి చివరిసారి కనిపించింది 2011 జనవరిలో. 2014లో దేశం పోలియో నుంచి విముక్తి పొందినట్లు ప్రకటించారు. కానీ 1952 నాటికి ఆ చుక్కల మందూ లేదు, టీకా సూదీ లేదు. మొదటి టీకా వాడుకలోకి రావడానికి ఇంకా మూడేళ్ళు ఉంది. పైగా కోపెన్‌హాగెన్‌లో వ్యాపించిన పోలియో కాళ్ళతోనే ఆగేది కాదు. చాలామందికి గొంతు కండరాలూ, రొమ్ము కండరాలూ చచ్చుబడేవి. ఉమ్మి మింగలేక, గాలి పీల్చలేక, తెలివి ఉండగానే రోగికి ఊపిరి అందకుండా పోయేది. రోగుల్లో ఎక్కువమంది పిల్లలు.

ఆ నగరంలో అంటువ్యాధులకు ఉన్న ఆసుపత్రి బ్లెగ్‌డామ్ ఆసుపత్రి ఒక్కటే. వ్యాధి ఉధృతంగా ఉన్న రోజుల్లో దినానికి 50 మంది దాకా అక్కడికి వచ్చి చేరారు. వారిలో ప్రతిరోజూ కొందరికి ఊపిరికి సాయం కావలసి వచ్చేది. సాయం చేయడానికి ఆసుపత్రిలో ఉన్నది ఒకే ఒక ‘ఇనుప ఊపిరితిత్తి’. అది పెద్ద పీపాలాంటి యంత్రం. రోగి తల బయటా, శరీరమంతా లోపలా ఉంటుంది. పీపాలో గాలి ఒత్తిడి తగ్గినప్పుడు రొమ్ము పైకి లేచి గాలి లోపలికి పోతుంది. అది కాక, రొమ్ముకు కవచంలా తొడిగే చిన్న యంత్రాలు ఆరు ఉండేవి. వాటి బలం అంతంత మాత్రం. లక్షల జనాభా ఉన్న నగరానికి ఇవే దిక్కు.

మొదటి మూడు వారాల్లో ఊపిరి ఆడని 31 మందికి వీటితో చికిత్స చేశారు. 27 మంది చనిపోయారు.

ఒక్క పీపా ముందు నిలబడిన వైద్యుడికి ఎదురయ్యే ప్రశ్న పుస్తకాల్లో చదివినంత తేలిక కాదు. ముందు వచ్చినవారికి ముందు ఇస్తే సరిపోతుంది కదా అని ఎవరికైనా తోస్తుంది. రేషను దుకాణంలోనూ, బస్సు టిక్కెట్టుకూ అదే పద్ధతి. అందులో ఒకరి ముఖం చూసి ఒకరిని తోసిపుచ్చడం లేదు. కానీ ఆసుపత్రికి ముందుగా చేరేది ఎవరు? దగ్గరలో ఇల్లు ఉన్నవారు, ఇంటి ముందు కారు ఉన్నవారు, ఏ ఆసుపత్రికి వెళ్ళాలో తెలిసినవారు. పొలం పని ముగించుకొని, అప్పు తెచ్చుకొని, రెండు బస్సులు మారి వచ్చే మనిషి కడబంతిలోనే ఉంటాడు. వరుసలో అన్యాయం కనిపించదు. అది వరుస దాకా వచ్చే దారిలో ఉంటుంది.

అందరికంటే ప్రమాదంలో ఉన్నవారికి ముందు ఇవ్వాలనడం వైద్యుల సహజ గుణం. మామూలు రోజుల్లో అది గొప్ప ధర్మమే. కానీ యంత్రం ఒక్కటే ఉన్నప్పుడు, ఎంత చేసినా బతకని మనిషికి దాన్ని ఇచ్చి, ఇస్తే బతికే మనిషిని వదులుకోవలసి వస్తుంది. సరే, బతికే అవకాశం ఎక్కువగా ఉన్నవారికే ఇద్దామంటే లెక్క ప్రకారం ఎక్కువ ప్రాణాలు నిలుస్తాయి. ఆ లెక్కలోనూ ఒక మెలిక ఉంది. తిండి సరిగా లేక చిక్కినవారు, చిన్నప్పటినుంచి వైద్యం ఎరగనివారు, పుట్టుకతో అవిటితనం ఉన్నవారు ప్రతిసారీ ఓడిపోతారు. అంతకుముందు అనుభవించిన లేమికి మరోసారి శిక్ష పడినట్లవుతుంది.

చిన్నవారికి ముందు అనే మాట చాలామంది పెద్దలు తమంతట తామే అంటారు. అది ప్రేమతో అనే మాట. తన వంతు మనవడికి ఇమ్మని తాత చెప్పడం వేరు, తాతను అడగకుండా ఊరంతా కలిసి తీర్మానించడం వేరు. ఇటలీలో 2020 మార్చిలో కరోనా రోగులతో ఆసుపత్రులు నిండిపోయినప్పుడు, మత్తు వైద్యుల, అత్యవసర చికిత్స వైద్యుల సంఘం కొన్ని సూచనలు ప్రకటించింది. అవసరమైతే వయసుకు ఒక హద్దు పెట్టవలసి రావచ్చని అందులో ఉంది. దానిపై పెద్ద చర్చ జరిగింది. ఆ సూచనలోని తప్పొప్పుల మాట ఎలా ఉన్నా, దాన్ని దాచకుండా నలుగురి ముందు పెట్టడం మంచిదే అయింది. నియమం బయట ఉంటే దాన్ని విమర్శించవచ్చు. అర్ధరాత్రి వార్డులో ఒక్క వైద్యుడి మనసులో ఉండే నియమాన్ని ఎవరూ ప్రశ్నించలేరు. ఆ భారం ఆ వైద్యుణ్ణి కూడా జీవితమంతా వదలదు.

మళ్ళీ కోపెన్‌హాగెన్‌కు వస్తే, ఆగస్టు 25న ఆసుపత్రి పెద్ద వైద్యుడు లాసెన్ ఒక సమావేశం పిలిచాడు. ఆయన దగ్గర పనిచేసే బ్యోర్నెబో అనే వైద్యుడి సలహా మీద, బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు వైద్యుణ్ణి కూడా పిలిపించారు. ఆ రోజుల్లో మత్తు వైద్యుడి స్థానం శస్త్రచికిత్స గదిలోనే. అంటువ్యాధుల వార్డులో అతనికేం పని అని అడిగేవారు ఎవరూ లేకపోలేదు. తన శాఖ కాని మనిషిని పిలిచి సలహా అడగడానికి ఒక పెద్ద వైద్యుడు ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు.

ఇబ్సెన్ చనిపోయిన రోగుల ఊపిరితిత్తులను పరీక్షించాడు. అవి అంతగా చెడిపోలేదు. రోగులు చనిపోతున్నది వ్యాధి ఊపిరితిత్తులను తినేయడం వల్ల కాదనీ, గాలి సరిగా ఆడక బొగ్గుపులుసు వాయువు రక్తంలో పేరుకుపోవడం వల్లననీ అతనికి తట్టింది. శస్త్రచికిత్స గదిలో మత్తులో ఉన్న రోగికి రబ్బరు సంచి నొక్కుతూ గాలి అందించడం అతనికి రోజూ అలవాటైన పని. ఆ పనే ఇక్కడ చేస్తే?

ఆగస్టు 27న 12 ఏళ్ళ బాలిక ఒకతె ఊపిరాడక నీలం రంగుకు తిరిగి, తన ఉమ్మిలో తానే మునిగిపోతున్న స్థితిలో ఉంది. ఇబ్సెన్ చెప్పిన ప్రకారం ఆమె గొంతు దగ్గర శ్వాసనాళానికి రంధ్రం చేసి గొట్టం అమర్చారు. మొదట అంతా తలకిందులైంది. ఆమె పెనుగులాడుతుంటే గాలి లోపలికి పోలేదు. మత్తు మందు ఇచ్చి, ఆ పెనుగులాట ఆగాక ఇబ్సెన్ సంచిని నొక్కడం మొదలుపెట్టాడు. ఆమె ఒంటికి మళ్ళీ రంగు వచ్చింది. ఆ బాలిక బతికింది.

దారి దొరికింది కానీ, దానితోపాటు కొత్త కొరత వచ్చిపడింది. సంచి తనంతట తాను నొక్కుకోదు. నిమిషానికి ఇన్నిసార్లని, రాత్రనక పగలనక, కొందరికి వారాల తరబడి ఎవరో ఒకరు చేత్తో నొక్కుతూనే ఉండాలి. అటువంటి రోగులు ఒక దశలో ఒకేసారి 70 మంది దాకా ఉన్నారు. ఇప్పుడు కావలసినవి యంత్రాలు కావు, చేతులు. ఆసుపత్రివారు వైద్యవిద్యార్థులను పిలిచారు. దంతవైద్యం చదివేవారూ వచ్చారు. సుమారు 1,500 మంది విద్యార్థులు వంతులు వేసుకొని, మొత్తం మీద 1,65,000 గంటలపాటు మంచాల తలదగ్గర కూర్చుని సంచులు నొక్కారు. కొందరు రెండో చేత్తో పుస్తకం పట్టుకొని పిల్లలకు కథలు చదివి వినిపించారు. మాట్లాడలేని పిల్లలు కళ్ళతో బదులు చెప్పేవారు. అందరూ బతకలేదు. అంతకుముందు పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది చనిపోతున్న చోట, మరణాలు సగానికి పైగా తగ్గాయి.

ఒక్క యంత్రం ఎవరికి ఇవ్వాలి అనే ప్రశ్నకు అక్కడ ఎవరూ జవాబు కనిపెట్టలేదు. నిజంగా ఉన్నది ఇంతేనా అని మరో ప్రశ్న వేశారు. కొరతగా ఉన్నది యంత్రాలేగాని, ఊపిరి కాదని తేలింది. వడ్డించేవాడు గంప ఖాళీ అయిందని చేతులు దులుపుకోక, వంటింట్లోకి తిరిగి వెళ్ళి పొయ్యి మళ్ళీ వెలిగించినట్లయింది.

అయితే ప్రతి కొరతా ఇలా కరిగిపోదు. క్షయవ్యాధికి తొలి మందు స్ట్రెప్టోమైసిన్‌ను 1943లో అమెరికాలో కనుగొన్నారు. రెండో ప్రపంచ యుద్ధంతో చితికిపోయిన బ్రిటన్‌కు దాన్ని కొనడానికి డాలర్లు లేవు. దొరికిన కొద్దిపాటి మందు లక్షల రోగులలో ఏ మూలకూ చాలదు. ఏం చేయాలి? ముందుగా, ఆ మందు లేకపోతే మరణం తప్పదని తెలిసిన మెదడు పొర క్షయ వంటి రూపాలకు కొంత కేటాయించారు. ఊపిరితిత్తుల క్షయ రోగుల విషయంలో మాత్రం 1947లో ఒక వింత పద్ధతి అవలంబించారు. ఎంపిక చేసిన 107 మందిలో ఎవరికి మందు ఇవ్వాలో వైద్యుడు నిర్ణయించలేదు. ముందుగానే లెక్క ప్రకారం కలిపి మూసి ఉంచిన కవర్లు నిర్ణయించాయి. కవరులో ఏముంటే అదే. 55 మందికి మందు, తక్కిన 52 మందికి అప్పటివరకు వాడుకలో ఉన్న మంచపు విశ్రాంతి. ఈ ఏర్పాటు వెనక ఉన్న గణాంకవేత్త బ్రాడ్‌ఫర్డ్ హిల్ తాను కూడా యౌవనంలో క్షయతో బాధపడినవాడే.

ఆరు నెలలు తిరిగేసరికి మందు పొందినవారిలో నలుగురు, పొందనివారిలో 14 మంది చనిపోయారు. మందు పనిచేస్తుందని ప్రపంచానికి ఋజువైంది. ఆ 14 మంది ఇళ్ళలో ఈ ఋజువు ఎలా వినిపించి ఉంటుందో ఎవరికి వారు ఆలోచించుకోవలసిందే. ఒక్కటి మాత్రం నిజం. ఆ కవరు ఎవరి బంధువూ కాదు. ధనవంతుడి ముఖం చూసి ఒక విధంగా, కూలివాడి ముఖం చూసి ఒక విధంగా అది తెరుచుకోలేదు. కళ్ళు మూసుకొని వడ్డించినట్లే అది. దీనిలోనూ లోపం లేకపోలేదు. విశ్రాంతి మాత్రమే దక్కిన రోగులకు తాము ఇటువంటి పరీక్షలో భాగమని ఎవరూ చెప్పలేదు. ఈనాటి నియమాల ప్రకారం అది ఒప్పుకోదగిన పని కాదు. న్యాయంగా పంచినా, ఎలా పంచుతున్నదీ చెప్పకపోతే ఆ న్యాయం సగమే.

దాదాపు అదే కాలంలో, 1948లో, ఆ దేశంలోనే ఒక క్షయరోగికి స్ట్రెప్టోమైసిన్ వేరే దారిన అందింది. ఆయన జార్జ్ ఆర్వెల్. బిహార్‌లోని మోతీహారిలో పుట్టిన ఆంగ్ల రచయిత. పత్రికా సంపాదకుడైన మిత్రుడొకరు పూనుకొని, ఆరోగ్య మంత్రి అనుమతితో, అమెరికా నుంచి మందు తెప్పించాడు. ఆ మందు ఆర్వెల్ శరీరానికి పడలేదు. నోట్లో, గొంతులో పుండ్లు పడి, కొన్ని వారాలకే మానివేయవలసి వచ్చింది. మిగిలిన మందును ఇతర రోగులకు ఇచ్చారు. ఆర్వెల్ 1950 జనవరిలో మరణించాడు.

ఆ మిత్రుణ్ణి తప్పుపట్టడానికి నోరు రాదు. ప్రాణస్నేహితుడు దగ్గుతూ రక్తం కక్కుతుంటే ఏ మనిషి మాత్రం తనకు తెలిసిన తలుపు తట్టకుండా ఉంటాడు? తలుపు తట్టడం ప్రేమ. తెలిసిన తలుపు లేనివారి మాటేమిటన్నది ప్రేమ అడగని ప్రశ్న. నియమం ఉన్నది ఆ ప్రశ్న అడగడానికే. అందుకే రోగి ఎవరో తెలియకముందే నియమం రాసిపెట్టుకోవాలి. ముఖం చూశాక రాసే నియమంలో మేనమామ పోలికలు వస్తాయి.

భారతదేశానికి ఈ పరీక్ష 2021 వేసవిలో ఎదురైంది. కరోనా రెండో విడత ఉధృతిలో ఆసుపత్రులలో ఆక్సిజన్ కరవైంది. ఆక్సిజన్ పెద్దఎత్తున తయారయ్యే చోట్లలో ఉక్కు కర్మాగారాలు ముఖ్యమైనవి. అవి ఉన్నది విశాఖపట్నంలో, ఒడిశాలోని రూర్కెలాలో, కర్ణాటకలోని బళ్ళారి దగ్గర తోరణగల్లులో, అటువంటి మరికొన్ని చోట్ల. రోగులు ఎక్కువగా ఉన్నది ఢిల్లీ, ముంబై, బెంగుళూరు వంటి నగరాలలో. ఏప్రిల్‌లో ముంబై పక్కన ఉన్న కలంబోలి నుంచి ఏడు ఖాళీ ట్యాంకర్లను రైలెక్కించి విశాఖపట్నం పంపారు. అవి ప్రాణవాయువు నింపుకొని మహారాష్ట్రకు తిరిగి వెళ్ళాయి. కొన్నిటిని నాగపూర్‌లో, తక్కినవాటిని నాసిక్‌లో దింపారు. ‘ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్’ అని దానికి పేరు. అది మొదటిది.

ఇక్కడ వడ్డన మనుషుల మధ్య కాదు, రాష్ట్రాల మధ్య. కర్ణాటకకు రోజుకు 965 టన్నులు కేటాయిస్తే చాలదని, 1,200 టన్నులు ఇవ్వాలని ఆ రాష్ట్ర హైకోర్టు మే నెలలో ఆదేశించింది. ప్రతి హైకోర్టూ ఇలా ఆదేశిస్తే పంపకం ఎలా సాగుతుందని కేంద్రం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. సుప్రీంకోర్టు ఆ ఆదేశంలో జోక్యం చేసుకోలేదు. అదే నెలలో, ఏ రాష్ట్రానికి ఎంత ఇవ్వాలో శాస్త్రీయంగా తేల్చడానికి వైద్యులతో, నిపుణులతో ఒక జాతీయ బృందాన్ని నియమించింది. రెండు వాదాలలోనూ న్యాయం ఉంది. తన బిడ్డకు చాలదని తల్లి అడగడం న్యాయమే. బంతిలో ఇంకా పిల్లలున్నారని వడ్డించేవాడు చెప్పడమూ న్యాయమే. అయితే గంపలో ఎంత ఉందో, ఎవరి విస్తట్లో ఎంత పడిందో అందరికీ కనిపించాలి. కనిపించనంతకాలం ఎవరి మాటా ఎవరూ నమ్మరు.

టీకాల సంగతి కొంచెం వేరు. 2021 జనవరి 16న టీకా మొదలైనప్పుడు తొలి వంతు వైద్యులకు, నర్సులకు, ఆసుపత్రి ఊడ్చేవారికి దక్కింది. వారి ప్రాణం ఎక్కువని కాదు. సంచి నొక్కే చెయ్యి పడిపోతే మంచం మీది రోగి కూడా పడిపోతాడు. ఇందులో మెచ్చుకోదగినది, వైద్యుడితోపాటు ఊడ్చే మనిషి కూడా అదే వరుసలో నిలబడటం. తరువాత వృద్ధులు, ఆపైన 45 దాటినవారు, మే నుంచి 18 దాటినవారు. కాగితం మీద చక్కని వరుస.

కానీ 18 నుంచి 44 ఏళ్ళవారు మొదట్లో ఫోనులోనో కంప్యూటరులోనో ముందుగా పేరు నమోదు చేసుకుంటేనే వంతు వచ్చేది. ఆ నమోదు మొదట ఇంగ్లీషులోనే ఉండేది. బెంగుళూరులో మేడలు కట్టే పాలమూరు కూలీ, హోసూరు పక్క పల్లెలో తెలుగు తప్ప మరొకటి చదవలేని మనిషి, వాళ్ళకు వయసు ప్రకారం వంతు వచ్చింది. ఫోను ప్రకారం రాలేదు. నగరాల్లో వేగంగా వేళ్ళు కదపగలిగినవారు పల్లెటూరి టీకా కేంద్రాలలోని ఖాళీలను ఊళ్ళోవాళ్ళకంటే ముందే నింపేసిన సందర్భాలు ఉన్నాయి. ఎవరూ ఎవరినీ వెళ్ళగొట్టలేదు. అయినా కొందరు బయటే ఉండిపోయారు. ఫోను లేనివారి సంగతి ఏమిటని సుప్రీంకోర్టు మే నెలాఖరున నిలదీసింది. జూన్‌లో తెలుగుతో సహా పలు భారతీయ భాషలు ఆ నమోదులో చేరాయి. జూన్ 21 నుంచి ఏ కేంద్రానికైనా నేరుగా నడిచివెళ్ళి అక్కడే పేరు రాయించుకొనే వీలు అందరికీ కలిగింది. దానివల్ల ఒక్క టీకా బుడ్డి కూడా అదనంగా తయారుకాలేదు. వరుసలోకి దారి మాత్రం కొంచెం వెడల్పయింది.

బ్లెగ్‌డామ్ ఆసుపత్రిలో విద్యార్థుల పని ఆరు నుంచి ఎనిమిది గంటల వంతులుగా సాగేది. రాత్రిపూట పిల్లలు నిద్రపోవాలని దీపాలు తగ్గించేవారు. మసక వెలుగులో, రోగి ముఖం చూస్తూ, ఒత్తీ వదులుతూ, ఒత్తీ వదులుతూ ఉండటమే పని. వంతు ముగిసిన విద్యార్థి లేచి వెళ్ళిపోవడానికి వీల్లేదు. తరువాతివాడు వచ్చి పక్కన కూర్చుని, సంచి మీద చెయ్యి వేసి, ఆ లయ అందుకునేదాకా ఉండాలి. అప్పుడు మొదటివాడు చెయ్యి తీసేవాడు. మంచం మీది పిల్లకు ఊపిరి ఒక్కటి కూడా తప్పేది కాదు.